అర్ధగంట దాకా

ఆషాఢమంతా పెండ్లి కారుకు పని లేదు.
రంగశాయిపేట గల్లీల, రేకుల కింద,
నెల రోజులు వానచప్పుడు వినుకుంట నిలబడ్డది.
బానెట్ మీద జ్యేష్ఠం నాటి టేపు మరకలు.
సీటు సందుల తలంబ్రాల బియ్యం
చీమలు ఒక్కొక్క గింజే మోస్కపోతున్నయ్.

శ్రావణంల తొలి ముహూర్తం.
తెల్లారగట్ల నాలుగింటికి తాళం తిప్పితే
టిక్కు.
మళ్ల తిప్పితే టిక్కు గూడ లేదు.
డాష్‌బోర్డు మీద ఎర్రలైటు
సగం నిద్రల కన్ను తెరిచి
ఎవలో తెలిసినంక మూసుకున్నట్టు ఆరింది.

నూకుదామంటే గల్లీ ఎత్తు,
నూకేటోళ్లు నిద్ర.
దేశాయిపేటల పెండ్లికొడుకు ఐదున్నరకు బయలెల్లాలె.
బక్కెట్ల గులాబీల మీద నీళ్లు చల్లుకుంట
మా సుగుణ అన్నది:
"ఓదెలుకు ఫోన్ చేసిన."

నన్ను అడగలే.
అడిగితే వద్దంటనని ఎరుక.

ఓదెలుతోని మాట బందై మూడేండ్లు.
ఈ కారు ఇద్దరం కొన్నదే,
చిట్టి ఎత్తి సగం నేను,
గాజుల దుకాణం కుదువ పెట్టి సగం వాడు.
ఒక మాఘమాసం లెక్కల
పదకొండు వేలు ఎటువోయినయో
ఇప్పటికీ నాకు తెల్వదు, వానికీ తెల్వదు.
ఒకల మొఖం ఒకలం
తెలిసినట్టే చూసుకున్నం.

ఎక్స్‌ఎల్ వచ్చి ఆగింది.
హ్యాండిల్‌కు టిఫిన్ సంచి,
సంచిల ఇటుకంత డబ్బా.
ఖమ్మం రోడ్డు మీద చచ్చిన బండ్లను లేపుడే
ఇప్పుడు వాని పని.
నా దిక్కు సూడలే.
బానెట్ ఎత్తి
బ్యాటరీతోనే మాట్లాడిండు:

"ఎర్రది ప్లస్సుకు.
ముందుగాల ఆ బూజు గోకాలె."
నేను గోకిన. సున్నం లెక్క రాలింది.
"నల్లది మైనస్‌కు కాదు,
ఇంజిను ఇనుముకు, రంగు లేనికాడ."
నేను పట్టించిన.
"రెండు మూతులు ఒకదానికొకటి తగలొద్దు."
కారుకు చెప్తున్నడు,
కారుకు చేతులు లెవ్వు గనుక
నా చేతులు పనిజేస్తున్నయ్.

డబ్బా మీద పచ్చలైటు.
గింత డబ్బా!
మా ఇంట్ల పప్పు కొలిచే మానెడు దీనికన్నా పెద్దది.
టన్ను బరువును లేపేటంత అప్పు ఇస్తదట,
రాసుకోదట.

"ఇగ తిప్పాలె. మూడు సెకన్లే."
తిప్పిన. మూలిగింది. దగ్గింది.
"ఆపాలె. ఊపిరి తీస్కోనియ్యాలె."

నిలబడ్డం.
రేకుల అంచున చుక్క, చుక్క.
ఎవరింట్లనో నల్లా వచ్చింది, బిందె పెట్టిన చప్పుడు.
బిందె నిండేదాక నిలబడ్డం.
మూడేండ్లల గింతసేపు
పక్కపక్కన ఎన్నడు లేము.

మళ్ల తిప్పిన.
అందుకున్నది.

రేకులు గడగడ. నల్లటి పొగ.
సుగుణ బక్కెట్ నీళ్లల సన్నటి సుడులు.
వాడు నల్లక్లిప్పు ముందు తీసి, తర్వాత ఎర్రది తీసి,
వైరు చుట్టుకుంట చుట్టుకుంట ఆగి
అరిచెయ్యి బానెట్ మీద పెట్టిండు,
పోరడి జ్వరం చూసినట్టు.
జల్దిన తియ్యలే.

అలవాటు కొద్ది నేను హెడ్‌లైట్లు ఏసిన.

"లైటు ఆర్పురా!
అర్ధగంట దాకా బంద్ చెయ్యకు,
తిప్పుకుంటనే ఉండు."

చెయ్యకు. ఉండు.
ఆ మాటలు కారుతోని కావు.

పైసలు తీసిన.
వాడు సంచి జిప్పు గుంజుకున్నడు, అది కూడా ఒక జవాబే.
సుగుణ గులాబీల బక్కెట్ ఎనక సీట్ల పెట్టింది.
దేశాయిపేట పది నిమిషాలు.
ఇంకో ఇరవై మిగుల్తయ్,
యాడ తిప్పాలె, ఒక్కణ్ని,
ఈ చీకట్ల?

ఎడమ డోరు బయటినుంచి రాదు,
లోపలి పిడి గుంజాలె.
ఆ రోగం మేము ఇద్దరం ఉన్నప్పటిదే,
రేపు మాపు అనుకుంట బాగుచేపియ్యలే.
సీటు మీదికి ఒరిగి, చెయ్యి చాపి
గుంజిన.

వాడు డోరు దిక్కు చూసిండు.
సుగుణ దిక్కు చూసిండు.
మల్లి పోయి
ముందుగాల ఎక్స్‌ఎల్‌కు తాళం ఏసిండు.